ఆంకీ యాప్ రివ్యూ: టెట్ సైకాలజీ 30 మార్కులకు ఎంతవరకు అక్కరకొస్తుంది?

నల్గొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా టెట్‌కు చదివేవాళ్ల సైకాలజీ పుస్తకం తెరిచి చూడండి. పసుపు, ఆకుపచ్చ, గులాబీ గీతలు. పరీక్ష దగ్గరపడేకొద్దీ గీతలు పెరిగి, చివరికి గీత లేని లైను వెతుక్కోవాల్సి వస్తుంది. 150 మార్కుల పేపర్‌లో శిశు వికాసం–పెడగాజీకి 30 మార్కులు. అందులో అవధానం, ప్రత్యక్షం, స్మృతి, విస్మృతి, భావనలు, పియాజే, వైగాట్‌స్కీ, ఇవన్నీ సంజ్ఞానాత్మక మనోవిజ్ఞానానికి చెందినవే. మనిషి ఎట్లా గుర్తుపెట్టుకుంటాడో, ఎందుకు మరిచిపోతాడో చెప్పే పాఠాన్ని కూడా గీతలు గీసి పదిసార్లు చదవడమే అలవాటైపోయింది. ఆంకీ అదే పాఠంలోని రెండు సంగతులను, అంటే విరామమిచ్చి చదవడం, చూడకుండా గుర్తుచేసుకోవడం, పట్టుకొని కట్టిన యాప్. ముందువైపు ప్రశ్న, వెనకవైపు జవాబు ఉన్న కార్డులను చూపిస్తుంది. అందుకే టెట్ సైకాలజీ చదివేవాళ్ల కోసం దీన్ని విడిగా పరీక్షించి చూడాల్సిన అవసరం ఉంది.

మా అభిప్రాయం ముందే చెప్తాం. యాప్ చాలా మంచిది, ఆండ్రాయిడ్‌లో పైసా ఖర్చు లేదు. పరీక్షకు కనీసం 90 రోజులు ఉన్నవాళ్లు తప్పకుండా వాడాలి. 15 రోజులే ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు. మొదలుపెట్టి మూడో వారంలో వదిలేసేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లను ఓడగొట్టేది రోజుకు పెట్టుకున్న లెక్క, కార్డు రాసిన తీరు.

ఏది దించుకోవాలి

జపనీస్ భాషలో ఆంకీ అంటే కంఠస్థం చేయడం. డేమియన్ ఎల్మ్స్ 2006లో దీన్ని మొదలుపెట్టాడు. కంప్యూటర్‌కు ఉచితం. ఆండ్రాయిడ్ ఫోన్‌కు 'ఆంకీడ్రాయిడ్' అనే పేరుతో ఉంటుంది, నీలం రంగు నక్షత్రం గుర్తు, అదీ ఉచితమే, ప్రకటనలు రావు. ఐఫోన్‌కు మాత్రం 24.99 డాలర్లు ఒకేసారి కట్టాలి. ప్లే స్టోర్‌లో ఆంకీ అని కొడితే అలాంటి పేర్లతో వేరే యాప్‌లు కూడా వస్తాయి. నెలనెలా డబ్బు అడిగిందంటే అది వేరే యాప్ అని గుర్తుపట్టండి.

నెట్ లేకున్నా నడుస్తుంది. అమ్రాబాద్ వైపు నల్లమల ఊళ్లలో సిగ్నల్ అందని చోట కూడా ఇబ్బంది లేదు. రోజుకోసారి నెట్ దొరికినప్పుడు సింక్ కొడితే చాలు. మిగతా సమయంలో ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి కార్డులు తిప్పడం ఇంకా మేలు. కార్డు చూస్తుండగా వాట్సాప్ మెసేజ్ పైనుంచి దిగితే అవధానం అటు పోతుంది. తిరిగి వచ్చేసరికి ప్రశ్నే మళ్లీ చదువుకోవాలి.

లోపల నడిచే లెక్క

జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హాస్ 1885లో అచ్చువేసిన ప్రయోగాల ఫలితాలు టెట్ చదివే ప్రతి ఒక్కరికీ తెలిసినవే. అర్థరహిత పదాంశాలను తనే నేర్చుకొని, కొంత విరామం తర్వాత మళ్లీ నేర్చుకోవడానికి ఎంత సమయం ఆదా అయిందో కొలిచాడు. 20 నిమిషాలకు ఆదా 58 శాతం, గంటకు 44, ఒక రోజుకు 34, ఆరు రోజులకు 25, 31 రోజులకు 21. గైడ్లలో ఈ అంకెలను "గుర్తున్న శాతం" అని రాసేస్తారు. అవి పొదుపు గణనలు, అంటే తిరిగి నేర్చుకోవడంలో మిగిలిన శ్రమ. ఈ తేడా పట్టుకుంటే బిట్ తప్పదు. ఈ వ్యాసం చివర్లో దీని అవసరం మళ్లీ పడుతుంది.

ఆ వక్రరేఖ మొదట్లో నిట్టనిలువుగా పడి తర్వాత మెల్లగా దిగుతుంది. ఒకసారి తిరిగి గుర్తుచేసుకుంటే తర్వాతి వంపు మరింత మెత్తబడుతుంది. అందుకే ఆంకీ విరామాలను పెంచుకుంటూ పోతుంది. దీని పాత లెక్క ఎస్‌ఎం-2. పోలండ్‌కు చెందిన పియోతర్ వొజ్నియాక్ 1987లో తయారుచేసింది. కొత్త కార్డుకు జవాబు వచ్చిందని 'గుడ్' బటన్ కొడితే 10 నిమిషాలకు వస్తుంది, మళ్లీ 'గుడ్' అయితే రేపటికి పోతుంది. ఆ తర్వాత ప్రతిసారీ విరామం సుమారు రెండున్నర రెట్లవుతుంది. అంటే 1 రోజు, 3 రోజులు, వారం చిల్లర, 18 రోజుల పైన, నెలన్నర. మధ్యలో మరిచిపోయి 'అగైన్' బటన్ కొడితే 10 నిమిషాల తర్వాత ఒకసారి కనిపించి, మళ్లీ ఒక రోజు దగ్గరికి దిగుతుంది.

మన పుస్తకాల్లో విరామ పద్ధతి, విరామరహిత పద్ధతి అని రెండు లైన్లలో ముగించే అంశం ఇదే. ఎంత విరామం ఇవ్వాలన్న దానికి సెపెడా, ఆయన తోటివాళ్లు 2008లో పెద్ద ప్రయోగం చేశారు. పరీక్ష వారంలో ఉంటే విరామం ఒకటి రెండు రోజులు, ఏడాది దూరంలో ఉంటే మూడు నాలుగు వారాలు ఉన్నప్పుడు ఎక్కువ గుర్తుంది. పరీక్ష ఎంత దూరంలో ఉంటే విరామం అంత పెద్దగా ఉండాలి. ఆంకీకి మాత్రం మీ పరీక్ష తేదీ తెలియదు, అడగదు. ఇది దీని పెద్ద లోపం. దానికి చేయాల్సిన సర్దుబాటు కింద రాశాం.

రెండో సంగతి పునఃస్మరణ. రోడిగర్, కార్పికె 2006లో విద్యార్థులకు పేరాలు ఇచ్చారు. ఒక జట్టు రెండుసార్లు చదివింది. ఇంకో జట్టు ఒకసారి చదివి, రెండోసారి పుస్తకం మూసి గుర్తొచ్చింది రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లే ముందు, 81 శాతానికి 75. వారం తర్వాత లెక్క తిరగబడింది. మళ్లీ చదివినవాళ్లు 42, మూసి రాసినవాళ్లు 56. రాత్రి గైడ్ తిరగేస్తే అంతా వచ్చినట్టే అనిపించడానికి, పరీక్ష హాల్లో నాలుగు ఆప్షన్లూ సరైనవే అనిపించడానికి మధ్య ఉన్న దూరం ఇంతే. ఆంకీలో జవాబు చూడాలంటే ముందు స్క్రీన్ తట్టాలి. తట్టకముందు నోటితోనో మనసులోనో జవాబు చెప్పుకోవాలి. చెప్పుకోకుండా గబగబా తట్టుకుంటూ పోతే యాప్ వాడుతున్నా మళ్లీ చదువుతున్నట్టే. పాలమూరు నుంచి దేవరకద్ర దాకా బస్సులో కూర్చొని వంద కార్డులు తట్టేయడం సులువే. వంద జవాబులు చెప్పుకున్నామా అన్నదే చూసుకోవాలి.

నాలుగు బటన్లు, ఒక తప్పు

అగైన్, హార్డ్, గుడ్, ఈజీ. జవాబు గుర్తురాకపోతే 'అగైన్' ఒక్కటే కొట్టాలి. మనవాళ్లకు అది కొట్టాలంటే మనసొప్పదు, "సగం వచ్చింది కదా" అని 'హార్డ్' కొడతారు. యాప్ దృష్టిలో 'హార్డ్' అంటే "వచ్చింది, కాకపోతే కష్టపడి వచ్చింది" అని అర్థం. రాని కార్డుకు 'హార్డ్' కొడితే అది రేపు రావాల్సింది పోయి ఇంకా దూరం జరుగుతుంది. నెల తిరిగేసరికి అసలు నేర్చుకోని కార్డులు నేర్చుకున్నవాటి పక్కన చేరిపోతాయి. మొదటి రెండు నెలలు 'అగైన్', 'గుడ్' రెండే వాడండి. ఏమీ నష్టం లేదు.

2023 అక్టోబరులో వచ్చిన 23.10 వెర్షన్ నుంచి ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ అనే కొత్త లెక్కను ఆంకీలోనే కలిపారు. డెక్ (కార్డుల కట్ట) ఆప్షన్లలో కిందికి పోతే స్విచ్ ఉంటుంది, వేసుకోండి. ఇది ప్రతి కార్డుకూ మూడు విలువలు కడుతుంది: కార్డు ఎంత కష్టం, జ్ఞాపకం ఎంత స్థిరం, ఈరోజు అడిగితే గుర్తొచ్చే అవకాశం ఎంత. రాబర్ట్ బ్యోర్క్, ఎలిజబెత్ బ్యోర్క్ 1992లో జ్ఞాపకానికి నిల్వ బలం వేరు, పైకి తీసుకొచ్చే బలం వేరు అని చెప్పారు. చిన్నప్పటి ఇంటి చిరునామా లోపల గట్టిగానే ఉంటుంది, అడగ్గానే నోటికి రాదు. ఈ ఉదయం లాడ్జిలో ఇచ్చిన గది నంబరు వెంటనే వస్తుంది, రేపటికి పోతుంది. ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ లెక్క ఆ ఆలోచనకు చాలా దగ్గర.

అందులో 'డిజైర్డ్ రిటెన్షన్' 0.90 అని ఉంటుంది. అంటే కార్డు తిరిగి వచ్చే రోజుకు నూటికి 90 గుర్తుండాలని. "90 ఎందుకు, 97 పెడతా" అనుకోవద్దు. 0.95 పెడితే విరామాలు దాదాపు సగానికి, 0.97కు దాదాపు పావుకు పడిపోతాయి. రోజువారీ కార్డులు ఆ మేరకు పెరుగుతాయి. సైకాలజీకి 0.90 సరిపోతుంది. మిగతా సబ్జెక్టులు కూడా ఇందులోనే పెడితే 0.87 దాకా దించినా బాధ లేదు.

రోజుకు ఎన్ని

ఇక్కడే ఎక్కువమంది పడిపోతారు. ఆంకీ మొదట్లోనే రోజుకు 20 కొత్త కార్డులు అని పెట్టి ఇస్తుంది. మొదటి వారం హాయిగా ఉంటుంది. కానీ కొత్త కార్డు ఒక్కరోజుతో పోయేది కాదు, రేపు వస్తుంది, మూడో రోజు వస్తుంది, వారానికి వస్తుంది. కొత్తవాటికి ఏడు నుంచి పది రెట్లు రివిజన్ కార్డులు రోజూ వస్తాయని మోటు లెక్క. 20 కొత్తవి అంటే నెల దాటేసరికి రోజుకు 140 నుంచి 200. కార్డుకు 10 సెకన్ల చొప్పున 23 నుంచి 33 నిమిషాలు, దానిమీద కొత్త కార్డులకు ఇంకో పావుగంట. సైకాలజీ ఒక్కదానికే. దసరాకో బతుకమ్మకో మూడు రోజులు ఊరికి పోయి వస్తే ఆరు వందల కార్డులు గుమ్మం ముందు కూర్చుంటాయి. అప్పుడే యాప్ తీసేస్తారు.

టెట్ సైకాలజీకి 600 కార్డులు చాలు. రోజుకు 8 కొత్తవి పెట్టుకుంటే 75 రోజుల్లో అయిపోతాయి. రివిజన్ 60–80 దగ్గర నిలబడుతుంది, మొత్తం 20 నిమిషాలు. డెక్ ఆప్షన్లలో 'న్యూ కార్డ్స్/డే' దగ్గర 20 తీసి 8 రాయండి. యాప్ పెట్టిన మొదటి నిమిషంలో చేయాల్సిన పని ఇదే.

కార్డు రాయడం

ఇతరులు చేసిన డెక్‌లు నెట్‌లో, టెలిగ్రామ్ గ్రూపుల్లో దొరుకుతాయి. తెలంగాణ సిలబస్‌కు తెలుగులో సరిగ్గా కుదిరేది దొరికినా కూడా సొంతంగా రాసుకున్నదే మేలు. స్లామెకా, గ్రాఫ్ 1978లో చూపించినట్టు, చదివిన మాటకంటే మనం పుట్టించిన మాట ఎక్కువ గుర్తుంటుంది. ప్రశ్న ఎట్లా అడగాలా అని ఆలోచించడమే సగం చదువు. క్రెయిక్, లాక్‌హార్ట్ 1972లో చెప్పిన ప్రక్రియా లోతు అంటే ఇదే. అక్షరాల ఆకారం చూసి వదిలేసిన మాటకు ఒక లోతు, అర్థం ఆలోచించిన మాటకు ఇంకో లోతు.

ఒక కార్డును దగ్గర నుంచి చూద్దాం. చాలామంది మొదట రాసేది ఇట్లా ఉంటుంది:

ముందువైపు: అవరోధం – రకాలు వివరించండి.
వెనకవైపు: (పుస్తకంలోని పన్నెండు లైన్లు.)

ఇది పనికిరాదు. వర్కింగ్ మెమరీ (అప్పటికప్పుడు మనసులో పట్టుకునే జ్ఞాపకం) ఒకేసారి పట్టుకోగలిగేది సుమారు నాలుగు ముక్కలే అని కోవన్ 2001లో లెక్కతేల్చాడు. మిల్లర్ 1956లో చెప్పిన 7±2 పరీక్షలో జవాబు, చదువుకునేటప్పుడు మాత్రం నాలుగును నమ్ముకోండి. పన్నెండు లైన్లలో ఏడు గుర్తొచ్చి ఐదు రాకపోతే ఏ బటన్ కొట్టాలి? 'అగైన్' కొడితే వచ్చిన ఏడూ మళ్లీ చదవాలి, 'గుడ్' కొడితే రాని ఐదూ నెలదాకా కనిపించవు. దాన్ని విడగొడితే:

ముందువైపు: జిల్లాల విభజన జరిగాక కూడా "గద్వాల ఏ జిల్లా?" అంటే నోటికి "మహబూబ్‌నగర్" వచ్చేస్తుంది. ఏ అవరోధం?
వెనకవైపు: పురోగమన అవరోధం. పాతది ముందుకొచ్చి కొత్తదాన్ని అడ్డుకుంది.

ముందువైపు: "2016 అక్టోబరుకు ముందు సూర్యాపేట ఏ జిల్లాలో ఉండేది?" అంటే "సూర్యాపేట జిల్లానే కదా" అని ఆగిపోతే ఏ అవరోధం?
వెనకవైపు: తిరోగమన అవరోధం. కొత్తది వెనక్కి పోయి పాతదాన్ని (నల్గొండ) చెరిపింది.

పురోగమన, తిరోగమన అన్న రెండు పదాలు ఒకదానితో ఒకటి కలగలిసిపోవడం కూడా అవరోధమే. నిర్వచనం రాసుకున్నవాళ్లకు పదిసార్లు చదివినా తారుమారవుతుంది. గద్వాల, సూర్యాపేట పెట్టుకున్నవాళ్లకు ఆ గొడవ ఉండదు. మన జిల్లాల్లో నివసించే ప్రతి ఒక్కరి తలలో ఈ రెండూ రోజూ జరుగుతున్నవే.

సమాధానం ఒకటే ఉండేట్టు ప్రశ్న రాయడం ఇంకో కళ. సోషల్ డెక్‌లో "పిల్లలమర్రి ఎక్కడ ఉంది?" అని రాశారనుకోండి. మహబూబ్‌నగర్ దగ్గర ఊడలు దిగిన మహావృక్షమూ పిల్లలమర్రే, సూర్యాపేట దగ్గర కాకతీయుల కాలపు గుళ్లున్న ఊరూ పిల్లలమర్రే. ఒకే సూచికకు రెండు జ్ఞాపకాలు కట్టి ఉంటే రెండూ బలహీనపడతాయి. "రేచెర్ల రెడ్ల గుళ్లున్న పిల్లలమర్రి ఏ పట్టణం పక్కన?" అని రాయాలి. ఆ పక్కనే రేచెర్ల పద్మనాయకులు ఉన్నారు, రాచకొండ, దేవరకొండ వాళ్లవి. రేచెర్ల రెడ్లు వేరు, పద్మనాయకులు వేరు. ఇలాంటి కవల పేర్లు వచ్చినప్పుడు రెండింటినీ ఎదురెదురుగా పెట్టి "తేడా ఏమిటి" అనే మూడో కార్డు తప్పనిసరిగా రాసుకోండి. నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, శ్రీశైలం 885 అడుగులు అన్న జంట కూడా అంతే. విడివిడి కార్డులు చాలవు, "కృష్ణ మీద ఎగువన ఉన్నది ఏది, దాని మట్టం ఎంత?" అని కలిపే కార్డు ఒకటి కావాలి.

సైకాలజీలో ఇట్లాంటి కవలలు ఎన్నో. జ్ఞాపకం ఎట్లా పనిచేస్తుందో చెప్పినవాళ్లనే చూడండి. అట్కిన్సన్–షిఫ్రిన్ 1968, క్రెయిక్–లాక్‌హార్ట్ 1972, బ్యాడ్లీ–హిచ్ 1974. పేరు–సంవత్సరం అని రాసుకుంటే ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. "జ్ఞాపకం అరలు అరలుగా ఉంటుంది అన్న నమూనాకు జవాబుగా, అరలు కాదు లోతు ముఖ్యం అన్నది ఎవరు?" అని రాస్తే రెండు సిద్ధాంతాల మధ్య గొడవ గుర్తుంటుంది, గొడవ గుర్తుంటే పేర్లు దాని వెంట వస్తాయి. టల్వింగ్ 1972లో విడదీసిన సంఘటన స్మృతి, అర్థ స్మృతులకు కూడా ఇదే పద్ధతి. "మొదటిసారి యాదగిరిగుట్ట ఎక్కిన రోజు గుర్తుండటం" ఒకటి, "యాదగిరిగుట్టలో ఉన్నది నరసింహస్వామి అని తెలిసి ఉండటం" ఇంకొకటి.

ఈ మధ్య టెట్ బిట్లు నిర్వచనం అడగడం తగ్గించి సన్నివేశం ఇచ్చి అడుగుతున్నాయి. పునఃస్మరణ ఎంత గట్టిగా ఉన్నా, నేర్చుకున్నదాన్ని కొత్త సన్నివేశానికి అన్వయించడం ఆంకీ దానంతటది నేర్పదు. కార్డునే సన్నివేశంగా రాయాలి. "శేరు జొన్నలు గిన్నెలో ఉన్నప్పటికంటే పళ్లెంలో పరిచినప్పుడు ఎక్కువ అంటోంది ఐదేళ్ల పిల్ల. ఏ దశ, ఏ లోపం?" జవాబు: పూర్వ ప్రచాలక దశ, పదిలపరచుకొనే భావన (ఆకారం మారినా పరిమాణం మారదన్న ఎరుక) లేదు. ప్రతి ముఖ్యమైన భావనకూ వేర్వేరు సన్నివేశాలతో మూడు కార్డులు ఉండాలి. ఒకటే ఉంటే మనసు భావనను వదిలి కార్డు మొదటి రెండు మాటలను గుర్తుపడుతుంది. "శేరు జొన్నలు" అనగానే "పూర్వ ప్రచాలక" అని నోరు చెప్పేస్తుంది, అర్థం లోపలికి పోదు. ఇది ఆంకీ వాడేవాళ్లకు వచ్చే అసలైన జబ్బు, బయటికి కనిపించదు.

ఇంకోటి, చదవని పాఠానికి కార్డులు రాయొద్దు. బార్ట్‌లెట్ 1932లో స్కీమా అన్నాడు, అంటే కొత్త విషయం తగిలించుకోవడానికి మనసులో ముందే ఉండాల్సిన చట్రం. పాఠం ఒకసారి మొత్తం చదివి, పుస్తకం మూసి, ఎవరికైనా ఐదు నిమిషాలు చెప్పగలిగాకే కార్డులు మొదలుపెట్టండి. అర్థంకాని లైన్లను కార్డులుగా మారిస్తే అవే పదేపదే తప్పుతాయి.

అట్లా ఎనిమిదిసార్లు తప్పిన కార్డుకు ఆంకీ 'లీచ్' అని ముద్ర వేస్తుంది. లీచ్ అంటే జలగ. పేరు సరిగ్గా కుదిరింది, సమయాన్ని పీల్చేది అదే. జలగ ముద్ర పడ్డ కార్డును మళ్లీ మళ్లీ రుద్దడం దండగ. తెరిచి చూడండి. జవాబు రెండు లైన్లు దాటిందా? పక్క కార్డుతో కలుస్తోందా? పాఠమే అర్థం కాలేదా? కారణం ఈ మూడింట్లో ఒకటి అయి ఉంటుంది. తిరగరాయండి, లేదా తీసేయండి. వారానికోసారి వెతికే చోట జలగల ముద్ర కొట్టి చూడటం అలవాటు చేసుకోవాలి.

తెలుగుతో వచ్చే తంటాలు

ఫోన్‌లో తెలుగు అక్షరాలు బాగానే కనిపిస్తాయి. తంటా అంతా లోపలికి ఎక్కించేటప్పుడు. కోచింగ్ మెటీరియల్ పీడీఎఫ్‌లు చాలావరకు 'అను' అనే పాత రకం తెలుగు ఫాంట్లలో చేసినవి. వాటి నుంచి కాపీ చేసి అతికిస్తే అర్థంకాని ఇంగ్లిష్ గుర్తులు పడతాయి. అప్పుడు ఫోన్ కీబోర్డులో మైకు నొక్కి తెలుగులో చెప్పి రాయించుకోవడం తేలిక. 'ప్రచాలక' లాంటి మాటలను అది తప్పు రాస్తుంది, ఒకసారి సరిచూసుకోవాలి.

ఒకేసారి వంద కార్డులు ఎక్కించాలంటే గూగుల్ షీట్‌లో మొదటి నిలువు వరుసలో ప్రశ్న, రెండో నిలువు వరుసలో జవాబు నింపి సీఎస్‌వీ ఫైల్‌గా దించుకొని ఇంపోర్ట్ చేయొచ్చు. ఎక్సెల్‌లో చేస్తే మామూలు సీఎస్‌వీగా సేవ్ చేయకండి, తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది. 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' అని ఉన్నది ఎంచుకోవాలి. జవాబు టైప్ చేసే రకం కార్డులు తెలుగులో వద్దు. ఒత్తు తేడా వచ్చినా, ఖాళీ ఎక్కువైనా తప్పుగా చూపిస్తుంది.

పటాలకు, మెదడు భాగాల బొమ్మలకు 'ఇమేజ్ అక్లూజన్' బాగుంటుంది. ఫోటో పెట్టి, దాచాల్సిన చోట చదరం గీస్తే చాలు. అట్కిన్సన్–షిఫ్రిన్ బొమ్మలో మూడు డబ్బాలు, బాణాలు ఒక్కొక్కటే దాచి అడిగితే ఐదు నిమిషాల్లో ఆరేడు కార్డులు తయారవుతాయి. పెద్ద ఫోటోలు మాత్రం సింక్‌ను నెమ్మది చేస్తాయి, కత్తిరించి పెట్టండి.

ఫోన్ వద్దనుకునేవాళ్లకు

జర్మనీకే చెందిన లైట్నర్ 1972లో అట్టపెట్టె పద్ధతి చెప్పాడు. 22×28 అంగుళాల చార్టు కోస్తే 3×5 అంగుళాల కార్డులు 36 వస్తాయి, 600 కార్డులకు 17 చార్టులు. చెప్పుల డబ్బాలో ఐదు అరలు చేయండి. మొదటి అర రోజూ, రెండోది రెండు రోజులకు, మూడోది నాలుగు, నాలుగోది ఎనిమిది, ఐదోది పదహారు రోజులకు. వచ్చిన కార్డు తర్వాతి అరలోకి, రానిది ఏ అర నుంచైనా మొదటి అరలోకి. చేత్తో రాయడం వల్ల కార్డు చిన్నగా వస్తుంది, అది మంచిదే. రెండు వందలు దాటాక ఏ అర ఏ రోజు అన్న లెక్క తప్పుతుంది. అక్కడ ఆంకీదే పైచేయి.

పరీక్ష తేదీ వచ్చాక

ఆంకీకి తేదీ తెలియదన్నాం కదా, సర్దుబాటు ఇది. పరీక్ష తేదీ తెలిశాక, దానికి 15 రోజుల ముందు కొత్త కార్డులు 8 తీసి సున్నా చేయండి. 'మాగ్జిమమ్ ఇంటర్వల్' దగ్గర 36500 రోజులు అని ఉంటుంది, దాన్ని 12కు దించండి. అప్పటికే నెలన్నర దూరం పోయిన కార్డులు తమంతట తాము వెనక్కి రావు, వాటిని ఫిల్టర్డ్ డెక్ (కావాల్సిన కార్డులను ఏరి చూపే తాత్కాలిక కట్ట) పెట్టి రోజుకు 50 చొప్పున పిలిపించుకోవాలి. ముందు జలగలు, తర్వాత కవల పేర్లు. ఆ 15 రోజుల్లో మిగతా సమయం పాత బిట్ పేపర్లకే. రోజూ ఒకే కుర్చీలో చదవడం కూడా మానండి. స్మిత్, గ్లెన్‌బర్గ్, బ్యోర్క్ 1978లో రెండు వేర్వేరు గదుల్లో నేర్చుకున్నవాళ్లకు కొత్త గదిలో ఎక్కువ గుర్తొచ్చింది. పరీక్ష సెంటర్ మీరెప్పుడూ చూడని కంప్యూటర్ ల్యాబే అవుతుంది.

రాసి వచ్చాక డెక్ తీసేయకండి. టెట్ మార్కులకు డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ ఉంది, మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాసేవాళ్లే ఎక్కువ. ఐదు నెలల తర్వాత యాప్ తెరిస్తే 400 కార్డులు బాకీ చూపిస్తుంది. అది చూసి అన్నీ రీసెట్ చేసి మొదటి నుంచి మొదలుపెట్టొద్దు. పైన చెప్పిన పొదుపు గణన ఇక్కడే అక్కరకొస్తుంది. మరిచిపోయాం అనుకున్న కార్డు కూడా రెండోసారి నేర్చుకోవడానికి మొదటిసారి పట్టినంత సమయం పట్టదు. గరిష్ఠ విరామం మళ్లీ 36500 చేయండి, కొత్త కార్డులు సున్నాలోనే ఉంచండి, 'మాగ్జిమమ్ రివ్యూస్/డే' 60 పెట్టండి, కార్డులు వచ్చే వరుసను గుర్తుండే అవకాశం ఎక్కువున్నవి ముందు వచ్చేట్టు మార్చండి. ఇంకా గుర్తున్నవి ముందు గట్టిపడతాయి, పూర్తిగా పోయినవి ఒక రోజు ఆలస్యమైనా వాటికి కొత్తగా పోయేదేమీ లేదు. తిరిగొచ్చిన కార్డులు కూడా కలుస్తాయి కాబట్టి 400 కరగడానికి రెండు వారాలు పట్టొచ్చు. ఆ తర్వాత కొత్త కార్డులను మళ్లీ 8 చేయండి.